కనిపించేదంతా తెలుగు కాదు: మన ఇంటి కాగితాలను కంప్యూటర్‌లో కాపాడుకునే పద్ధతి

హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో తరాలుగా ఉంటున్న మన ఇళ్లలో ఒక బీరువా అరో, ఒక ట్రంకు పెట్టో ఉంటుంది. అందులో తాతగారి ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు, భూమి కాగితాలు, తెలుగు సంఘం వార్షిక సంచికలు, ఎవరో శ్రద్ధగా రాసిపెట్టిన వంశవృక్షం ఉంటాయి. వాటిని చదవగలిగినవాళ్లు చాలా ఇళ్లలో అరవై దాటినవాళ్లే. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యాస చట్టం వచ్చాక పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. మిగతా రాష్ట్రాల్లోనూ తెలుగు బడి దగ్గరలో లేని పిల్లలు ఆ రాష్ట్ర భాషలోనో ఇంగ్లిషులోనో చదువుతున్నారు. పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు.

అదే ఇంట్లో ఐటీ ఉద్యోగం చేసే కొడుకో కూతురో మనవరాలో కూడా ఉంటారు. చదవగలిగిన పెద్దవాళ్లు, కంప్యూటర్ తెలిసిన చిన్నవాళ్లు ఒకే కప్పు కింద ఉన్న ఈ కాలంలోనే చేసుకోవాల్సిన పని ఒకటి ఉంది. మన తెలుగు కాగితాలను కంప్యూటర్‌లోకి సరైన రూపంలో ఎక్కించుకోవాలి. దానికి డబ్బు ఖర్చు లేదు. కావలసిన సాధనాలు దాదాపు అన్నీ ఉచితం. అవేమిటో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ వివరిస్తున్నాం.

తెరమీద తెలుగు, లోపల మరొకటి

చాలా సంఘాల దగ్గర పాత సంచికలు పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఉన్నాయి. "మావన్నీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి" అనుకుంటాం. కానీ అవి అను వంటి పాత ఫాంట్లతో చేసినవైతే ఫైలులో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు బొమ్మలు అతికించి చూపించే పద్ధతి అది. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అందులో ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 'క' సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినా, ఏ ఫోనులో తెరిచినా ఆ సంఖ్య మారదు. అందుకే యూనికోడ్‌లో ఉన్న తెలుగును వెతకవచ్చు, అకారాది క్రమంలో పేర్చవచ్చు, ఫోను చేత చదివించవచ్చు, వేరే లిపిలోకి మార్చవచ్చు. పాత ఫాంటు ఫైలుతో వీటిలో ఏదీ నేరుగా కుదరదు.

మీ దగ్గరున్న ఫైలు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే అది యూనికోడ్. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తే పాత ఫాంటు. పీడీఎఫ్‌లకూ ఈ పరీక్షే పెట్టండి. పైకి చక్కగా కనిపించే పీడీఎఫ్ కూడా లోపల పాత ఫాంటుదే కావచ్చు. ఏమీ కాపీ కాకపోతే అది కాగితాన్ని ఫొటో తీసిన పీడీఎఫ్ అని అర్థం.

ముందు కొత్తగా రాసేది సరిగ్గా రాద్దాం

పాతవాటిని మార్చే ముందు, ఇవాళ్టి నుంచి రాసేవైనా యూనికోడ్‌లో ఉండేలా చూసుకోవాలి. విండోస్‌లో దీనికి ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగానికి వెళ్లి తెలుగును చేర్చుకుంటే చాలు. తర్వాత విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిషుకు మారుతుంది.

కీబోర్డులు రెండు రకాలు. ఇంగ్లిషు అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో వచ్చే ఫొనెటిక్ కీబోర్డును మైక్రోసాఫ్ట్ 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో ఇచ్చింది. అప్పుడప్పుడు రాసేవారికి అది చాలు. బ్రౌజర్‌లోనే రాసుకోవాలంటే 'లేఖిని' పేజీ ఉంది.

రోజూ రాసేవారికి, ముఖ్యంగా రెండు మూడు భాషల్లో రాసే మనలాంటివారికి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మంచిది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి చేతి వైపు హల్లులు ఉంటాయి. 'తల్లి' అని రాయాలంటే ఎల్, ఎన్, డి, ఎన్, ఎఫ్ మీటలు వరుసగా నొక్కాలి. ఇందులో 'డి' మీట పొల్లు, అదే ఒత్తును కలిపేది. దీని అసలు లాభం వేరే ఉంది. భారతీయ భాషలన్నిటికీ అమరిక ఒక్కటే. తెలుగు 'క' ఉన్న మీట మీదే కన్నడ, తమిళ, ఒడియా, హిందీ 'క' కూడా ఉంటుంది. తెలుగులో వేళ్లు అలవాటైతే కన్నడలోనో ఒడియాలోనో రాయడానికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. పంచాయతీ ఆఫీసుకు ఒక భాషలో, సంఘానికి మరో భాషలో రాసే మన ఇళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఒక హెచ్చరిక. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ పేరుతో విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే పాత ప్రోగ్రామును గూగుల్ ఇవ్వడం మానేసింది. ఇతర సైట్లలో దొరికే కాపీలను దించుకోకండి. క్రోమ్ బ్రౌజర్‌కు చేర్చుకునే ఎక్స్‌టెన్షన్ మాత్రం గూగుల్ దగ్గరే దొరుకుతుంది.

ఫాంట్లకూ కొరత లేదు. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురవరం, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. అచ్చుకూ వాడుకోవచ్చు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడి ఇవాళ ఒడిశాలో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లిన ఊరది. ఆయన పేరున్న ఫాంటుతో గజపతి జిల్లా తెలుగు ఇళ్ల శుభలేఖలు అచ్చయితే బాగుంటుంది కదా.

"యూనికోడ్ మా మెషీన్‌లో సరిగా రాదు, ఒత్తులు విడిపోతాయి" అని ప్రెస్సువారు అంటారు. పేజ్‌మేకర్‌లో అది నిజమే. కానీ ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఉచితంగా కావాలంటే లిబ్రే ఆఫీస్ ఉంది. అందులో తెలుగుకు ఫాంటు, సైజు మార్చినా మారడం లేదని చాలామంది విసుక్కుంటారు. ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టండి. తెలుగుకు ఫాంటు, సైజు విడిగా ఎంచుకునే వీలు వస్తుంది.

పాత ఫైళ్లను మార్చడం

పాత ఫాంటు ఫైలును ముట్టుకునే ముందు దాని నకలు తీసి పక్కన పెట్టండి. వీలైతే ఆ ఫాంటు ఫైలును కూడా దానితోనే ఉంచండి. తర్వాత రాతను మాత్రం కాపీ చేసి, అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే ఆన్‌లైన్ పేజీలో వేయాలి. అను ఫాంట్లలో వెర్షన్లు వేరువేరు. తప్పు వెర్షన్ ఎంచుకుంటే అక్షరాలు తారుమారవుతాయి. మొదట ఒక పేరా మార్చి చూసి, సరిగ్గా వస్తేనే మిగతాది మార్చండి. ఒత్తులు, సున్నలు, అంకెల దగ్గర తప్పులు మిగులుతాయి కాబట్టి ఒకసారి చదివి దిద్దుకోవాలి.

ఫాంటు దొరక్కపోయినా, మార్పిడి కుదరకపోయినా దారి ఉంది. పేజీని తెరమీదో కాగితం మీదో సరిగ్గా చూడగలిగితే చాలు, దాన్ని బొమ్మగా మార్చి ఆ బొమ్మ నుంచి అక్షరాలను చదివించవచ్చు. విండోస్‌లో విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెరమీది భాగం బొమ్మగా వస్తుంది. దాన్ని ఎలా చదివించాలో ఇప్పుడు చూద్దాం.

అచ్చు పుస్తకం, చేతిరాత ఉత్తరం

బొమ్మలోని అచ్చు అక్షరాలను గుర్తించి రాతగా మార్చడాన్ని ఓసీఆర్ అంటారు. తెలుగుకు మూడు ఉచిత మార్గాలున్నాయి.

మొదటిది గూగుల్ డ్రైవ్. బొమ్మనో స్కాన్ పీడీఎఫ్‌నో డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద తెలుగు రాత వస్తుంది. రెండోది ఫోనులోని గూగుల్ లెన్స్. శుభలేఖ, ఆహ్వానపత్రం వంటి ఒక పేజీ కాగితాలకు ఇది చాలు. మూడోది టెసెరాక్ట్. ఇంటర్నెట్ లేకుండా మన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. కమాండ్లు కొట్టడం ఇష్టం లేనివారు న్యాప్స్2 అనే ఉచిత స్కానింగ్ ప్రోగ్రాము వాడవచ్చు. అందులో ఓసీఆర్ భాషగా తెలుగును ఎంచుకుంటే అది టెసెరాక్ట్‌నే వాడుకుంటుంది. భూమి కాగితాలు, వీలునామాలు వంటి వాటికి ఈ మూడోదే వాడండి. ఆ కాగితం ఇల్లు దాటి వెళ్లదు.

స్కాన్ 300 డీపీఐలో ఉండాలి. పేజీ వంకర లేకుండా, నీడ పడకుండా చూసుకోవాలి. పాత అచ్చులో రూపం దగ్గరగా ఉండే ద, ధ, థలు, ప, ఫ, షలు, బ, భలు ఒకదానికొకటి మారిపోతాయి. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, తేదీలను అసలు కాగితంతో పోల్చి చూడాలి.

చేతిరాతకు ఓసీఆర్‌ను నమ్మలేం. ఇక్కడే ఇంట్లో పెద్దవాళ్లు కావాలి. అవ్వ చేతికి ఉత్తరం ఇచ్చి పైకి చదవమనండి. ఫోనులో జీబోర్డ్ మైకును తెలుగులో పెట్టుకుంటే ఆమె చదివింది రాతగా మారుతుంది. కంప్యూటర్‌లోనైతే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ ఎంచుకుని, భాషను తెలుగుగా మార్చాలి. కొంచెం ఆగి ఆగి, ఒక్కో వాక్యంగా చదివితే బాగా వస్తుంది. మన ఊళ్ల మాటతీరును ఫోను ఒక్కోసారి సరిగా పట్టుకోదు, తర్వాత దిద్దుకోవాలి. ఆమె చదువుతున్నప్పుడు వేరే ఫోనులో గొంతు కూడా రికార్డు చేయండి. ఉత్తరంలో ఉన్న మనిషి ఎవరో, ఏ సంవత్సరం సంగతో ఆమె మధ్యలో చెప్పే మాటలు ఏ కాగితంలోనూ ఉండవు.

మాట వచ్చి లిపి రాని పిల్లలకు

యూనికోడ్ రూపంలోకి వచ్చాక ఆ రాతను పిల్లలకు తెలిసిన లిపిలో చూపించవచ్చు. అక్షరముఖ అనే ఉచిత సాధనం వందకు పైగా లిపుల మధ్య మార్పిడి చేస్తుంది. ఇది అనువాదం కాదు, భాష తెలుగే ఉంటుంది, లిపి మాత్రం మారుతుంది. కన్నడ లిపిలో ఉన్న తెలుగు ఉత్తరాన్ని కోలారులో పెరిగిన పిల్ల గడగడా చదివేస్తుంది.

ఇది ఇంత తేలిగ్గా కుదరడానికి ఒక కారణం ఉంది. యూనికోడ్‌లో భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చారు. తెలుగు 'క' 3093 అయితే కన్నడ 'క' సరిగ్గా 128 ఎక్కువగా 3221. తమిళ 'క' 128 తక్కువగా 2965. ఒడియా 'క' 256 తక్కువగా 2837. మరాఠీ రాసే దేవనాగరిలో 2325. చాలా అక్షరాలకు ఇదే తేడా వర్తిస్తుంది.

అయితే ఏ లిపిలోకి మారిస్తే ఏం పోతుందో తెలుసుకోవాలి. కన్నడలోకి మారిస్తే దాదాపు ఏమీ పోదు. మరాఠీ, ఒడియా చదివే పిల్లలకు హ్రస్వ 'ఎ', 'ఒ' తెలియవు కాబట్టి 'మెడ', 'మేడ' రెండూ ఒకేలా కనిపిస్తాయి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం కాబట్టి 'కాలి', 'గాలి' ఒకటైపోతాయి. అందుకే తమిళ లిపిలో ఇలాంటి రాతకు అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు. గకారానికి 3 అన్నమాట. పిల్లలకు ఆ అంకెలు ఒకసారి చెబితే చాలు.

ఇంటిపేర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తమిళనాడులో పేరు ముందు ఒకే పొడి అక్షరం పెట్టుకునే అలవాటులో రెండు తరాలకే ఇంటిపేరు మరుగున పడిపోతోంది. దాని అసలు పలుకు ఇప్పుడు పాత తెలుగు కాగితాల్లోనే మిగిలింది. గ్రాంప్స్ అనే ఉచిత వంశవృక్ష ప్రోగ్రాములో తెలుగులోనే పేర్లు రాసుకోవచ్చు. తెలుగు రూపాన్ని అసలుగా ఉంచి, పక్కనే ప్రభుత్వ కాగితాల్లో ఉన్న స్పెల్లింగును కూడా రాసి పెట్టండి.

సంఘాల సభ్యుల జాబితాలు

సభ్యుల పేర్లు తెలుగులో ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అర్థం లేని గుర్తులు రావచ్చు. ఫైలు పాడైందనుకుని అలాగే సేవ్ చేస్తే అప్పుడు నిజంగానే పాడవుతుంది. సేవ్ చేయకుండా మూసేయండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్ అయితే తెరిచేటప్పుడే ఏ క్యారెక్టర్ సెట్ అని అడుగుతుంది. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే రకాన్నే ఎంచుకోవాలి.

ఎస్ఎమ్ఎస్‌లు పంపే సంఘాలు మరో లెక్క గుర్తుంచుకోవాలి. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. పైగా గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు. ఉగాది ఆహ్వానం కాస్త పొడవైతే ఒక్కొక్కరికి మూడు నాలుగు సందేశాల డబ్బు పడుతుంది.

ఐటీలో ఉన్న మన పిల్లలకు

ఈ పని ఇంటికే కాదు, ఉద్యోగానికీ పనికొస్తుంది. భాషల సమస్యలను పరిష్కరించడం తెలిసినవారు టీముల్లో తక్కువ. డేటాబేసులో పేర్లు ప్రశ్నార్థకాలుగా మారుతుంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వర్‌క్యార్ వాడిన చోట ఎన్‌వర్‌క్యార్ కావాలేమో చూడాలి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే 50 బైట్ల గడిలో 16 సంకేతాలే పడతాయి. ఇంటిపేరుతో కూడిన పేరు మధ్యలో తెగిపోవడానికి తరచు ఇదే కారణం. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా పోల్చినప్పుడు సరిపోవు. పోల్చే ముందు ఎన్ఎఫ్‌సీ రూపంలోకి తెచ్చుకోవాలి.

పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలకు మంచి అభ్యాసం ఒకటి చెబుతాం. తెలుగు వాక్యాన్ని తీసుకుని ప్రతి సంకేతానికీ 128 కలిపి కన్నడలోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాయమనండి. తర్వాత అది ఎక్కడెక్కడ తప్పుతుందో వెతకమనండి. యూనికోడ్ ఎలా పనిచేస్తుందో ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది. అవ్వకు వచ్చిన ఉత్తరం చదవడానికి తన ప్రోగ్రామే పనికొచ్చిందన్న తృప్తి కూడా దక్కుతుంది.

దాచుకోవడం, పంచుకోవడం

మూడు నకళ్లు ఉంచండి. అవి రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి. గూగుల్ ఖాతాలో 15 జీబీ ఉచితం. కానీ రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే నియమం ఉంది. తాతగారి ఖాతాలో ఫొటోలు, ఉత్తరాలు ఉంటే ఆయన ఉండగానే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో ఇంట్లో ఒకరి పేరు చేర్చించండి.

ఫైలు పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో మొదట పెడితే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. స్కాన్ చేసిన బొమ్మను, దాని యూనికోడ్ రాతను రెండిటినీ ఉంచండి. కాగితాన్ని మాత్రం పారేయకండి.

ఆధార్, పట్టా, బ్యాంకు వివరాలున్న కాగితాలను ఊరూపేరూ లేని మార్పిడి సైట్లలో ఎక్కించవద్దు. సంఘం సంచికలను అందరికీ అందుబాటులో పెట్టాలనుకుంటే రచయితల అనుమతి తీసుకోండి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. ఆ గడువు దాటిన అచ్చు పుస్తకాలకు తెలుగు వికీసోర్స్ మంచి చోటు.

ఈ ఆదివారం మొదలుపెట్టాలంటే పెట్టెలోంచి ఒకే ఒక్క ఉత్తరం తీయండి. స్కాన్ చేయండి, పెద్దవాళ్ల చేత చదివించండి, యూనికోడ్‌లో దించండి, పిల్లలకు తెలిసిన లిపిలోకి మార్చి వాళ్ల చేతికివ్వండి. యానాం నుంచి షోలాపూర్ దాకా ఏ ఇంట్లోనైనా ఇది ఒక పూట పని. రెండో ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి, చిన్న అంకెల సాయం లేకుండా తెలుగులోనే చదువుతానని ఒక్క పిల్లైనా అంటే అదే మాకు చాలు.